మిల్లు తాత హరికేన్

మొన్న సాయంత్రం మా మనవరాలు వీధరుగు మీద కూర్చుని గోళ్ళకి రంగు వేసుకుంటోంది. ఆ వాసన లోపలికి రాగానే చదువుతున్న పేపరు పక్కన పడేసి బయటికొచ్చాను. "ఏం తాతా, నీకూ వెయ్యనా?" అంది. వద్దుగానీ ఆ సీసా ఒకసారి ఇలా తెమ్మని, మూత తీసి వాసన చూస్తుంటే మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "బాగానే ఉంది సంబడం" అనేసి లోపలికెళ్ళిపోయింది.

గోళ్ళరంగు వాసన వస్తే నాకు యుద్ధవిమానం గుర్తొస్తుంది. చెబితే నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. కానీ కారణం లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి హరికేన్ విమానానికి ముందు భాగమంతా రేకు, పైలట్ వెనక నుంచి తోక దాకా మాత్రం గుడ్డ. ఆ నారగుడ్డని చట్రం మీద లాగి కట్టి, పైన 'డోపు' అనే ద్రవం పూస్తారు. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని, వేలితో కొడితే మోగుతుంది. ఆ డోపూ ఈ గోళ్ళరంగూ ఒకే జాతి సరుకు, రెండిటికీ మూలం సెల్యులోజే. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. మా ఊరి రైసుమిల్లులో ఇంజను నడిపే తాత చెప్పాడు.

*

మాది అమలాపురం దగ్గర కాలవగట్టు ఊరు. మిల్లు కాలవని ఆనుకునే ఉండేది, ధాన్యం పడవల మీద వచ్చేది కాబట్టి. గాలి లేని రోజున గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని పడవ లాగుకుంటూ వచ్చేవాళ్ళు. లాకుల దగ్గర వంతు కోసం ఆగిన పడవల్లోంచి పొయ్యి పొగ, చేపల పులుసు వాసన వచ్చేవి. బడికెళ్ళే దారి అదే. ఎన్నిసార్లు అక్కడే నిలబడిపోయి ఆలస్యానికి దెబ్బలు తిన్నానో.

తెల్లారగట్ల చీకటుండగానే మిల్లులో రస్టన్ ఇంజను స్టార్టయ్యేది. ముందొక పెద్ద దగ్గు. కాసేపు ఏమీ ఉండదు. ఇంకో దగ్గు. ఆ తర్వాత టుక్కు... టుక్కు... టుక్కుమని అందుకునేది. ఆ చప్పుడుకి మా అమ్మ లేచి కళ్ళాపి చల్లేది, మా నాన్న వాచీకి కీ ఇచ్చుకునేవారు. ఏ రోజైనా అది వినపడకపోతే ఊళ్ళో మొదటి మాట, "తాతకి ఒంట్లో బాలేదా ఏంటి?"

ఆయన మాకు చుట్టమేం కాదు. ఊరందరికీ మిల్లు తాతే. ఖాకీ నిక్కరు, నూనె మరకల బనీను, చెవి మీద సగం కాల్చిన బీడీ. మిల్లంతా తవుడు పొడి పేరుకుని ఉన్నా ఇంజను గది మాత్రం అన్నం పెట్టుకుని తినొచ్చు అన్నట్టుండేది. స్పానర్లన్నీ సైజు వారీగా గోడ మేకులకి వేలాడేవి. ఒక్కోదాని వెనక గోడ మీద దాని ఆకారం సున్నంతో గీసి ఉండేది. సాయంత్రం ఆ గీత ఒక్కటి ఖాళీగా కనపడినా కుర్రాళ్ళని ఇంటికి పోనిచ్చేవాడు కాదు. "ఇక్కడ మర్చిపోతే సంచీ చిరుగుతుందిరా. విమానంలో మర్చిపోతే మనిషి పోతాడు" అనేవాడు. కుర్రాళ్ళు వెనక్కి తిరిగి నవ్వుకునేవాళ్ళు.

విమానం మాట ఊరికే అన్నది కాదు. యుద్ధంలో ఆయన ఎయిర్‌ఫోర్సులో రిగ్గరు, అంటే ఇంజను కాకుండా విమానం ఒళ్ళు చూసే మనిషి. 1944లో జపాను సైన్యం ఇంఫాల్‌ని చుట్టుముట్టి రోడ్డు తెగ్గొట్టినప్పుడు అక్కడున్న మన ఒకటో నంబరు స్క్వాడ్రన్‌లో, అంటే విమానదళంలో పనిచేశాడు. బియ్యం దగ్గర్నుంచి తూటాల దాకా అన్నీ గాల్లోంచే రావాలి. ఆ స్క్వాడ్రన్‌కి అధిపతి అర్జన్ సింగ్, తర్వాత 1965 యుద్ధం నాటికి మొత్తం మన ఎయిర్‌ఫోర్సుకే అధిపతి అయినాయన. ఆ యుద్ధం రోజుల్లో పంచాయతీ రేడియోలో అర్జన్ సింగ్ పేరు వినపడితే తాత కూర్చున్నవాడల్లా లేచి నిలబడేవాడట. మా నాన్న చెప్పేవారు.

*

నా మేనమామ ఓడ మీద ఇంజన్‌రూములో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు అమ్మకి నైలాన్ చీర, నాన్నకి బ్లేళ్ళ పెట్టె, నాకో అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె మీద ఎయిర్‌ఫిక్స్ అని ఇంగ్లీషులో రాసి, మబ్బుల్లో దూసుకుపోతున్న హరికేన్ బొమ్మ వేసి ఉంది. లోపల చూస్తే విమానం లేదు. ప్లాస్టిక్ చట్రాలకి అతుక్కుని రెక్కలు, చక్రాలు, గోరంత పైలటు, అన్నీ విడివిడిగా ఉన్నాయి. నేను ఏడుపు మొహం పెట్టాను. "విరిగిపోలేదురా, అలాగే అమ్ముతారు. మనమే అతికించుకోవాలి, అదే ఆట" అన్నాడు మావయ్య. ఇదేం ఆటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

నాకైతే హరికేన్ కంటే అదే యుద్ధంలో ఎగిరిన స్పిట్‌ఫైర్ విమానం అయితే బావుండేదనిపించింది. క్లాసులో ఒకడి దగ్గరున్న ఇంగ్లీషు బొమ్మల పుస్తకంలో దానిదే హవా. తాత ఆ మాట విని ఒప్పుకోలేదు. "1940లో జర్మనీ విమానాల నుంచి లండను వాళ్ళని కాపాడిందేదని అడిగితే అందరూ స్పిట్‌ఫైర్ అంటారు. లెక్క తీస్తే ఎక్కువ కూల్చింది ఇదే. దాని ఒంటికి తూటా తగిలితే రేకు మార్చాలి. దీనికి సూదీ దారం ఉంటే చాలు" అన్నాడు.

పెట్టె తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టిన సాయంత్రం బాగా గుర్తు. ఇంజను ఆపి, చేతులు కిరసనాయిలుతో కడిగి, తర్వాత సబ్బుతో కడిగి, తుండుతో తుడుచుకుని అప్పుడు ముట్టుకున్నాడు. నిజం విమానానికి రెక్కల వెడల్పు 40 అడుగులు. ఇది అందులో 72వ వంతు, ఏడంగుళాల లోపు. ఒళ్ళు సగం ముక్క తీసి దీపం దగ్గర పెట్టి, వెనక భాగం మీద బొటనవేలి గోరుతో మెల్లగా గీశాడు. గుడ్డ కింద కర్ర బద్దలు ఉబ్బెత్తుగా కనపడే చోట ప్లాస్టిక్ మీద కూడా సన్నటి గీతలు పోశారు. "చూశావా, ఇక్కణ్ణుంచి గుడ్డ. వీళ్ళకి తెలుసు" అన్నాడు. అప్పటిదాకా ఆయన మొహంలో నేను అలాంటి సంతోషం చూడలేదు.

*

అసలు తిప్పలు జిగురు దగ్గర మొదలయ్యాయి. పెట్టెతో వచ్చిన ట్యూబు ఓడ వేడికి గట్టిపడి రాయైపోయింది. కోమలి విలాస్ పక్కన స్టేషనరీ కొట్టులో దొరికే బంక పెడితే ఆరాక ఊడి వస్తోంది. తాత చట్రం ముక్క ఒకటి విరిచి, వాసన చూసి, కొరికి, "ఇది కరిగే సరుకే" అన్నాడు. ఒక చీటీ రాసిచ్చాడు. బళ్ళకి వేసే డూకో రంగుని పలచన చేసే తిన్నరు ఒక పెన్సిలిన్ సీసాడు. ఎనామిల్ పెయింటు తెలుపు, నలుపు, నీలం, పసుపు, రెడ్ ఆక్సైడు, చిన్న డబ్బాలు. జీరో నంబరు గరుకు పేపరు. చీటీలో ఎరుపు లేదు. పెట్టె మీద బొమ్మలో, విమానం ఎవరిదో చెప్పే గుండ్రాల మధ్యలో ఎరుపుంది కదా అనడిగితే, "ముందు ఇవి తే" అన్నాడు.

ఇవన్నీ దొరికేది కాకినాడలో. దసరా సెలవులకి అమ్మమ్మ గారింటికి ఎలాగూ వెళ్ళాలి. అప్పట్లో మా వైపు నుంచి కాకినాడ అంటే బస్సులో ఎదుర్లంక, అక్కణ్ణుంచి పంటు మీద గోదావరి దాటి యానాం, మళ్ళీ బస్సు. పంటు మీద మనుషులు, సైకిళ్ళు, అరటిగెలలు, గేదెలు, ఒక్కోసారి పెళ్ళివారి బ్యాండు మేళం కూడా. "జరగండి బాబూ, ఇంకా నలుగురు పడతారు, ఆయ్" అంటూ పడతారనుకున్నదానికి రెట్టింపు ఎక్కించేవాళ్ళు. ఇప్పుడు బ్రిడ్జి మీద కారులో రెండు పాటలు అయ్యేలోపు దాటేస్తున్నాం. సుఖంగానే ఉంది, కాదనను.

జగన్నాథపురంలో అమ్మమ్మ నా చీటీ చూసి, ఎందుకురా ఇవన్నీ అంది. విమానం కోసం అన్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. చిత్రభాను సంవత్సరంలో, అంటే 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు విశాఖపట్నం మీద కూడా. బంగాళాఖాతంలోకి వచ్చిన ర్యూజో అనే ఓడ మీంచి ఎగిరి వచ్చాయవి. అమ్మమ్మ అప్పటికి కాపురానికొచ్చి ఏడాది కాలేదు. "ఆవకాయకి కాయ ఇంకా ముదరలేదు. రేవు వైపు పెద్ద చప్పుళ్ళు. పిడుగులనుకుని వాకిట్లోకొచ్చి చూస్తే ఆకాశం తెల్లగా ఉంది" అని చెప్పింది. రెక్కల మీద ఎర్రటి గుండ్రాలు చూశామని వీధిలో వాళ్ళు అన్నారట. సాయంత్రానికల్లా బళ్ళు కట్టుకుని జనం పల్లెలకి దారి పట్టారు. మద్రాసు నగరమే సగం ఖాళీ అయిపోయిన రోజులు. అమ్మమ్మ వాళ్ళూ ఉప్పూ పప్పూ మూట కట్టుకుని బయల్దేరారు. పాడి గేదె మాత్రం వీధి మలుపు దగ్గర మొండికేసి కదల్లేదట. బాంబుల కంటే ఆ గేదె గురించే ఆవిడ ఎక్కువసేపు చెప్పింది.

*

తిన్నరు తేగానే తాత మా డాక్టరు గారి దగ్గర అడిగి తెచ్చిన ఖాళీ సీసాలో చట్రం ముక్కలు సన్నగా తరిగి వేసి, మునిగేదాకా తిన్నరు పోసి, రబ్బరు మూత పెట్టి అరుగు కింద నీడలో ఉంచాడు. మర్నాటికి తేనె చిక్కదనం వచ్చింది. ముందు చట్రానికి చట్రం అతికించి చూసి, ఆ తర్వాతే విమానం ముక్కలు ముట్టుకున్నాడు. కొబ్బరి ఈనె కొసతో అంచుకి పూసి, రెండు సగాలూ కలిపి బిగించి దారం చుట్టి వదిలేశాడు. ప్లాస్టిక్కే కరిగి ప్లాస్టిక్కుతో కలిసిపోతుంది కాబట్టి ఇంక ఊడే ప్రశ్న లేదు. ఆరాక అతుకు మీద బ్లేడుతో గీకి, జీరో పేపరు నీళ్ళలో తడిపి రుద్దితే కీలు ఎక్కడుందో కూడా తెలియలేదు.

డూకో రంగే నేరుగా వేసేద్దామన్నాను, బస్సులకి వేస్తారుగా అని. తాత చట్రం మీద ఒక చుక్క వేసి చూపించాడు. ప్లాస్టిక్ ఉడికినట్టు పగుళ్ళు తేలింది. అందుకే ఎనామిల్. ఎనామిలేమో నిగనిగలాడుతుంది. యుద్ధవిమానం ఎండలో మెరిస్తే ఇంకేముంది? రంగులో అమ్మ రాసుకునే పౌడరు కాస్త కలిపాడు. ఆరేసరికి మట్టి గోడ మాదిరి మెరుపు లేకుండా వచ్చింది. మిల్లు చిట్టా వెనకపేజీలో పెన్సిలుతో విమానం పై భాగం గీసి, ఎక్కడ మట్టి రంగు, ఎక్కడ ముదురాకుపచ్చ, వంపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి తిరగాలో చూడకుండా వేసేశాడు. నాకు నచ్చినట్టు మరకలు వేసుకోవచ్చనుకున్నాను. కుదరదన్నాడు. ఆ వంపులకి కూడా కాగితం మీద లెక్క ఉండేదట, ఒక నమూనాకి అద్దంలో ప్రతిబింబంగా రెండో నమూనా. కింది వైపు బూడిద రంగు.

బ్రష్షు మా సైన్‌బోర్డు ఆర్టిస్టు గారిది. ఉడత వెంట్రుకలది, సినిమా హాలు స్లయిడ్ల మీద అక్షరాలు రాసేది. కిరసనాయిల్లో కడిగి, సబ్బు పట్టించి, కొస మొనదేల్చి తిరిగివ్వాలని ఒట్టు పెట్టించుకుని ఇచ్చారు.

పెట్టె మీద బొమ్మలో లేనివి కూడా తాత చేర్చాడు. ఆయన చూసిన హరికేన్లకి ఒక్కో రెక్కలోంచి రెండేసి ఫిరంగి గొట్టాలు ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి. డాక్టరు గారి పాత ఇంజక్షను సూదులు ఆకురాయితో కోసి అవి పెట్టాం. ముక్కు కింద లప్పంతో గెడ్డం ఒకటి దిద్దాడు. మన దుమ్ము ఇంజనులోకి పోకుండా అక్కడ పెద్ద ఫిల్టరు ఉండేదట. "ఇంగ్లండులో దుమ్మేదిరా? అందుకే వాళ్ళ బొమ్మకి లేదు."

పని చేస్తూ మాట్లాడేవాడు, పని ఆపితే మాట కూడా ఆగిపోయేది. తూటా తగిలి గుడ్డ చిరిగితే ముందు చిరుగు కుట్టాలి, తర్వాత అంచులు రంపం పళ్ళలా కత్తిరించిన గుడ్డముక్క డోపుతో అంటించాలి. వానాకాలం ఇంఫాల్లో ఆ డోపు ఆరేది కాదు. మొదటి పూత డోపు ఎర్రగా ఉంటుంది, అది గోళ్ళ సందుల్లో దూరితే ఎన్ని రోజులైనా వదలదు. "పెళ్ళికూతురి గోళ్ళేరా నావి ఆ రోజుల్లో" అని నవ్వేవాడు. అప్పుడు చూశాను, మిల్లులో చిరిగిన గోనెసంచులకి ఆయన వేసిన కుట్టు మిగతావాళ్ళ కుట్టు కాదు. ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ, చేప ముల్లు వరసలో పోయేది. మా ఊరి ధాన్యం ఏళ్ళ తరబడి విమానం కుట్టు వేసిన సంచుల్లో వెళ్ళిందన్నమాట.

ఇక గుండ్రాలు. పెట్టెలో నీళ్ళలో నానబెట్టి జార్చి అంటించే స్టిక్కర్లు ఇచ్చారు. ఓడలో తేమకి పాడయ్యాయేమో, నీళ్ళలో వెయ్యగానే పొడిపొడి అయిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. తాత మాత్రం, "పోతే పోయాయి, ఎలాగూ అవి మనవి కావు" అన్నాడు. కంపాస్ ముల్లుతో చిన్న గుండ్రాలు గీసి ముదురు నీలం నింపాడు. మధ్యలో ఎర్ర చుక్క ఉండాల్సిన చోట లేత నీలం పెట్టాడు.

"ఎర్రది ఏది తాతా?"

"ఎర్రనేదే ఉండకూడదు. జపాను వాడి గుర్తు ఎర్ర గుండ్రం. అడవిలో ఉన్నవాడికి పైన చెట్ల సందులోంచి ఒక్క క్షణం రెక్క కనపడుతుంది. అందులో ఎరుపు ఏ కాస్త ఉన్నా కాల్చేస్తాడు. ఎవడు? మనవాడే. కింద నుంచి మనవాడే."

అందుకని బర్మా వైపు ఎగిరే బ్రిటిషు, ఇండియన్ విమానాల మీద ఎరుపు తీసేశారు. అమెరికా వాళ్ళు కూడా 1942లోనే తమ నక్షత్రం మధ్యలో ఎర్ర చుక్క తుడిచేశారు. ఇదంతా తర్వాత నేను చదివి సరిచూసుకున్నాను, అక్షరం తప్పు లేదు. కాకినాడలో అమ్మమ్మ వీధివాళ్ళు తలెత్తి చూసిన ఎరుపు వల్ల తాత విమానం రంగు మార్చుకోవలసి వచ్చిందని పోల్చుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

*

ఆ హరికేన్ మా వసారా దూలానికి వలదారంతో వేలాడేది. గాలికి తిరిగి ఎప్పుడూ సముద్రం వైపే ముక్కు పెట్టేది. మిల్లుకి కరెంటు మోటారు వచ్చింది, రస్టన్‌ని పాతసామాను వాళ్ళు ముక్కలు చేసి పట్టుకుపోయారు. దాని తర్వాత తాత ఎక్కువ కాలం లేడు. 1996 నవంబరు తుపానుకి కోనసీమ కొబ్బరి చెట్లతో పాటు మా వసారా పెంకులూ లేచిపోయాయి. మనుషులు మిగిలారు, విమానం గురించి ఎవరూ వెతకలేదు. నేనూ అడగలేదు, ఆ సమయంలో ఏం అడుగుతాం.

రిటైరయ్యాక మళ్ళీ ఒక కిట్టు తెప్పించుకున్నాను. ఇప్పుడు బర్మా నీలం గుండ్రాల స్టిక్కర్లు విడిగా దొరుకుతున్నాయి, సూది కంటే సన్నటి ఇత్తడి గొట్టాలు కూడా. పాత ఫోటోలు చూశాక తాత లేత నీలంలో తెలుపు కాస్త ఎక్కువ కలిపాడేమో అనిపించింది. కానీ చేత్తో గీసిన ఆ గుండ్రానికున్న నిండుదనం ఈ స్టిక్కర్లకి లేదు. ఇది నా అభిప్రాయం, హైదరాబాదులో ఇలాంటి కిట్లు అతికించే నాకంటే చిన్నవాళ్ళు ఒప్పుకోరు.

మావయ్య మళ్ళీ సెలవుకొచ్చినప్పటి సంగతి ఒకటి చెప్పాలి. వసారాలోకి వస్తూనే తలెత్తి చూసి, "ఇదేంట్రా? దీనికి గెడ్డం ఏంటి, ఎర్ర చుక్కలేవి? పెట్టె మీద బొమ్మ చూసి వెయ్యడం రాలేదా?" అన్నాడు. తాత చెప్పాడన్నాను. "లండను వాళ్ళకి తెలియనిది మీ మిల్లాయనకి తెలుసా? పద, కనుక్కుందాం" అని అప్పటికప్పుడు బయల్దేరాడు. నాకు టెన్షన్. తాత వాదించలేదు. ఇంజను దగ్గర్నుంచి తల తిప్పి, "మీ ఓడలో ఇంజను ఏది బాబూ?" అన్నాడు. డాక్స్‌ఫర్డ్ అన్నాడు మావయ్య. అంతే, తాత చేతిలో గుడ్డ కింద పెట్టేశాడు. ఒకే సిలిండరులో రెండు పిస్టన్లు ఎదురెదురుగా నడుస్తాయటగా, మధ్యలో డీజిలు మండుతుందటగా, మరి పై పిస్టన్‌కి రాడ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? మావయ్య సుద్దముక్క తీసుకుని నేల మీద గీయడం మొదలుపెట్టాడు. తాత ఉక్కిరిబిక్కిరిగా అడుగుతూనే ఉన్నాడు. ఎర్ర చుక్కల మాట ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు ఆఖరి పంటు తప్పిపోయింది.

మర్నాడు బస్సెక్కుతూ మావయ్య, "ఈసారి లాంకాస్టర్ తెస్తాను, నాలుగింజన్లు. జిగురు మాత్రం ఆయన్నే చెయ్యమను" అన్నాడు. తేలేదు. ఆ తర్వాతి సెలవుకి టేప్ రికార్డరు తెచ్చాడు. ఇంట్లో అందరికీ అదే బాగా నచ్చింది, నిజం చెప్పాలంటే నాకూనూ.